కత్తికి ఉక్కు ఎంచుకునే ముందు కొలిమిని చూడండి

నమస్కారం. చేతితో కత్తి తయారు చేయాలనుకునే వారిలో చాలామంది అన్నిటికంటే ముందు ఏ ఉక్కు గొప్పదో తెలుసుకోవాలనుకుంటారు. మీ కొలిమి ఎంత వేడిని, ఎంతసేపు, ఎంత నిలకడగా ఇవ్వగలదో తేల్చుకోకుండా ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకదని నేను గట్టిగా నమ్ముతాను.

కత్తి అంచుకు గట్టిదనాన్ని ఇచ్చేది ప్రధానంగా కార్బన్. ఉక్కును తగినంత కాల్చినప్పుడు కార్బన్ ఇనుములో కలిసిపోతుంది. ఆ స్థితిలో ఉక్కును నూనెలో ముంచి వేగంగా చల్లారిస్తే, కార్బన్ బయటికి రాలేక లోపలే చిక్కుకుని ఉక్కును గాజులా గట్టిగానూ పెళుసుగానూ మారుస్తుంది. ఆ తర్వాత దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు వేడి చేసి, పెళుసుదనాన్ని తగ్గించుకుంటాం. దీన్నే టెంపరింగ్ అంటారు. ఈ పనిని ఏ ఉక్కు ఎంత సులభంగా చేయనిస్తుందన్నదే ఎంపికలో అసలు విషయం.

ఆ లెక్కన, బొగ్గుల కొలిమి లేదా చిన్న గ్యాస్ కొలిమి మాత్రమే ఉన్నవారికి నేను ముందుగా చెప్పేది 1084 ఉక్కు. ఇందులో సుమారు 0.84 శాతం కార్బన్, కొంచెం మాంగనీసు తప్ప చెప్పుకోదగ్గ ఇతర లోహాలు ఉండవు కాబట్టి, తగిన వేడికి చేరిన కొద్దిసేపటికే కార్బన్ కలిసిపోతుంది. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఎరుపు మరికొంచెం ప్రకాశవంతమయ్యే వరకు, అంటే సుమారు 815 డిగ్రీల వరకు కాల్చి, గోరువెచ్చని వంటనూనెలో ముంచితే చాలు. 1095 పేరులో దీనికి దగ్గరిదే అయినా, అందులో మాంగనీసు తక్కువ కాబట్టి, ఎర్రగా కాలిన స్థితి నుంచి క్షణంలోపే వేడి దిగిపోవాలి. మామూలు వంటనూనె ఒక్కోసారి అంత వేగాన్ని ఇవ్వలేదు.

మన పారిశ్రామిక వాడల్లోని ఉక్కు దుకాణాల్లో సులభంగా దొరికేవి ఈఎన్ 31, ఓహెచ్ఎన్ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే పనిముట్ల ఉక్కు). మొదటిది బేరింగుల ఉక్కు. దాదాపు 1 శాతం కార్బన్‌తో పాటు క్రోమియం ఉండటం వల్ల సన్నని అంచును చాలాకాలం నిలుపుతుంది. అయితే క్రోమియంతో ముడిపడిన కార్బన్ అంత త్వరగా విడిపోదు కాబట్టి, సరైన వేడి దగ్గర పది పదిహేను నిమిషాలు కదలకుండా ఉంచాలి. కంటి అంచనాతో నడిచే కొలిమిలో అంతసేపు నిలకడ సాధించడం కష్టం. వేడి మించితే లోపలి రేణువులు పెద్దవై, కత్తి పైకి బాగానే కనిపించినా అంచు పలుకులుగా ఊడిపోతుంది.

పాత లారీ కమాను పట్టీల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో కమ్మరులు వేటకత్తులకూ కొడవళ్ళకూ ఎంతోకాలంగా వాడుతున్నది అదే. వాటిలో కార్బన్ సాధారణంగా 0.5 నుంచి 0.65 శాతం మధ్య ఉంటుంది కాబట్టి, దెబ్బను తట్టుకోవాల్సిన కత్తికి అది నిజంగా మంచి ఉక్కు. కాని ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు, పైగా అది ఏ గ్రేడో ఎవరూ చెప్పలేరు. అందువల్ల ముందుగా చిన్న ముక్క కోసి, కాల్చి, నూనెలో ముంచి, దాని మీద ఆకురాయి జారుతోందో కోస్తోందో చూడండి; జారితే ఉక్కు గట్టిపడినట్టు. ఆ తర్వాత ముక్కను గుడ్డలో చుట్టి, కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టుకుని విరగ్గొట్టండి. విరిగిన చోట బూడిదరంగులో, నున్నగా, సన్నని రేణువులు కనిపిస్తే మీ వేడి సరిపోయినట్టే. చక్కెర పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైనట్టు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారైన ఊట్జ్ ఉక్కు కోసం ఒకప్పుడు పారసీక వర్తకులు వచ్చేవారు. అందులో కార్బన్ 1.5 శాతం చుట్టుపక్కల ఉండేది. ఐరోపా కమ్మరులు తమ అలవాటు ప్రకారం దాన్ని తెల్లగా కాల్చి కొట్టినప్పుడు సుత్తి కింద చిట్లిపోయేది. తక్కువ వేడిలో ఓపికగా సాగదీయడం తెలిసినవారి చేతిలో మాత్రం అదే ఉక్కు ప్రసిద్ధమైన కత్తులయింది.

వంటింటి కత్తి గురించి కూడా అడుగుతున్నారు. చింతపండు, నిమ్మ, మామిడి తగిలితే కార్బన్ ఉక్కు నల్లబడుతుంది. ఆ నలుపు హానికరం కాదు, కానీ కడిగి వెంటనే తుడవకపోతే తుప్పు పడుతుంది. అంత జాగ్రత్త కుదరని ఇంటికి 14సీ28ఎన్ వంటి స్టెయిన్‌లెస్ ఉక్కే మేలు. డీ2 అనే పనిముట్ల ఉక్కులో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా, అందులో చాలా భాగం కార్బన్‌తో జతకట్టడం వల్ల దాన్ని పూర్తి స్టెయిన్‌లెస్ అనలేం. ఈ రెండింటికీ 1000 డిగ్రీలు దాటిన కచ్చితమైన వేడి కావాలి కాబట్టి, కత్తి ఆకారం చెక్కుకుని, హైదరాబాదులోని బాలానగర్ వంటి చోట ఉండే హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్‌కు ఇవ్వడమే మంచిది. ఇచ్చేటప్పుడు ఉక్కు గ్రేడు, మీకు కావలసిన రాక్‌వెల్ అంకె (ఉక్కు గట్టిదనాన్ని చెప్పే కొలత) కాగితం మీద రాసి ఇవ్వండి. వంటింటి కత్తికి 58 నుంచి 60 అడగవచ్చు.