పులిపిరికి వేర్లుండవు

అందరికీ నమస్కారం.

ముందు మీ చూపుడువేలి కొనను ఓసారి వెలుతురులో పెట్టి చూడండి. సన్నటి గీతలు ఒకదాని వెంట ఒకటి సాగిపోతుంటాయి కదా. పులిపిరి ఉన్నచోట ఆ గీతలు దాని అంచు దాకా వచ్చి పక్కకు తప్పుకుంటాయి. దాని మీద గీతలుండవు. పైన గరుకుగా ఉంటుంది, మధ్యలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే వేర్లనుకుని పిన్నీసుతో, బ్లేడుతో తవ్వేవాళ్లను ఎంతమందిని చూశానో! చర్మవైద్యుడిగా నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. పులిపిరికి వేర్లుండవు. ఆ నల్లటి చుక్కలు నెత్తురు గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. పులిపిరి ఎంత పెద్దదైనా చర్మం పైపొరలోనే ఉంటుంది. తవ్వితే మిగిలేది పుండు, మచ్చ, పక్కన మరో నాలుగు పులిపిర్లు.

ఎందుకంటే ఇది అంటుకునే జబ్బు. 1907లో ఇటలీ వైద్యుడు చుఫో పులిపిరి నుంచి తీసిన ద్రవాన్ని, కణాలేవీ మిగలకుండా వడకట్టి చర్మంలోకి ఎక్కిస్తే కొత్త పులిపిరి మొలిచింది. కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఆ పేరు వినగానే కొందరు తల్లులు బెంబేలెత్తిపోతారు. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే 16, 18 రకాలు వేరు, పిల్లల చేతుల మీద, కాళ్ల మీద పులిపిర్లు తెచ్చే 1, 2, 4 రకాలు వేరు.

చర్మం చిన్నగా చిట్లితే చాలు, వైరస్ లోపలికి వెళ్తుంది. గోళ్లు కొరికే పిల్లలకు గోళ్ల చుట్టూ వస్తాయి. గడ్డం గీసుకునేవాళ్లకు బ్లేడు నడిచిన దారిలో వరసగా మొలుస్తాయి. వైరస్ సోకిన కొన్ని నెలలకు గానీ పైకి కనిపించవు కాబట్టి ఎవరి నుంచి వచ్చిందని వెతకడం దండగ.

మన భాషలో ఒక చిక్కుంది. మెడ మీద, చంకల్లో వేలాడే మెత్తటి తోలు తునకల్ని కూడా పులిపిర్లనే అంటాం. వాటికి ఈ వైరస్‌తో పనిలేదు, అంటవు. పులిపిరి మందు వాటికి రాస్తే చర్మం కాలుతుంది. అవి ఎక్కువగా ఉంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. అరికాల్లో అయితే ఆనెకాయతో పొరబడతాం. సూటిగా నొక్కితే ఎక్కువ నొప్పి పుట్టేది ఆనెకాయ, రెండు పక్కల నుంచి పిండితే నొప్పి పుట్టేది పులిపిరి.

ఇక వైద్యం. పిల్లల్లో చాలావరకు రెండేళ్లలో వాటంతటవే రాలిపోతాయి. మన రోగనిరోధక శక్తి వైరస్‌ను గుర్తుపట్టడానికి పట్టే సమయం అది. నొప్పి లేకపోతే వదిలేయడమూ వైద్యమే.

తీసేయాలనుకుంటే శాలిసిలిక్ యాసిడ్ మందు ఉంది. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నాననివ్వండి. మెత్తబడిన తెల్లటి పొరను గరుకు రాయితో నెమ్మదిగా అరగదీయండి, నెత్తురు కనిపించేదాకా కాదు. ఆ రాయిని ఇంకెక్కడా వాడొద్దు. చుట్టూ వాజిలిన్ పూసి, పులిపిరి మీద మాత్రమే మందు చుక్క వేయండి. ఇలా రోజూ, 12 వారాలు. రెండు వారాలకే విసిగి మానేసి, మందు పనిచేయలేదని వచ్చేవాళ్లే ఎక్కువ.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. రెండు మూడు వారాలకోసారి చేయించుకోవాలి, నొప్పి ఉంటుంది, బొబ్బ లేస్తుంది. చిన్నపిల్లలకు నేను దాని జోలికి తొందరగా వెళ్లను. మొండివాటికి రోగనిరోధక శక్తిని తట్టిలేపే ఇంజెక్షన్లు ఇస్తాం.

షుగర్ ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు సొంతంగా యాసిడ్ రాయకండి. ముఖం మీద, జననాంగాల దగ్గర అసలే వద్దు. పెద్ద వయసులో కొత్తగా మొలిచి, రంగు మారుతూ, నెత్తురు కారుతుంటే పులిపిరేనని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

మందు ఎప్పుడు ఆపాలని అడుగుతుంటారు. చదునుగా అయిపోయింది కదా అని ఆపకండి. వెలుతురులో పెట్టి చూడండి. పక్కకు తప్పుకున్న గీతలు మళ్లీ ఆ చోటు మీదుగా కలిసి సాగుతుంటే, అప్పుడు ఆపండి.