తెనాలి క్యాసెట్టు, జెర్సీ సిటీ బీటు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ క్యాసెట్టు చూడండి. మామూలు 60 నిమిషాల క్యాసెట్టు. లేబుల్ మీద బాల్ పెన్నుతో "నాన్నగారి నాటకం, సంక్రాంతి, 1989" అని మా పెదనాన్న రాసిన అక్షరాలు. తెనాలి దగ్గర మా ఊళ్ళో రామాలయం ముందు స్టేజీ కట్టి పద్య నాటకం వేశారు. మా తాతయ్యది కృష్ణుడి వేషం. పెదనాన్న ముందు వరసలో కూర్చుని, ఒళ్ళో టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేశారు. పోయిన వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు దీన్ని సూట్‌కేసులో వెయ్యడానికి మనసొప్పక చేతి బ్యాగులో పెట్టుకుని అమెరికాలో నేనుండే జెర్సీ సిటీ తెచ్చుకున్నాను.

పాత వీడియోలు చూసినవాళ్ళకి తెలుసు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి బీట్లు. ఎడిసన్‌లో ఉండే మా అన్నయ్య కూతురూ నేనూ కలిసి నాలుగు పాటల హిప్‌హాప్ రికార్డు చేస్తున్నాం. ర్యాప్ తనది, మిగతాదంతా నాది. మూడు పాటలు అయిపోయాయి. నాలుగోది ఈ క్యాసెట్టు మీదే కట్టాం. పూర్తయిపోయిందనుకున్న పాట మళ్ళీ మొదటికొచ్చింది. అదెందుకో చెప్తాను.

ముందు క్యాసెట్టుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం. క్యాసెట్ డెక్‌లో టేపుని చదివే హెడ్‌ని ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచాను. దూది గోధుమరంగులోకి వచ్చింది, అదంతా ఏళ్ళ తరబడి పేరుకున్న టేపు పొడి. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్ వంపు సరిచేశాను. ఆ స్క్రూ పావు తిప్పు అటో ఇటో అయితే చాలు, పై స్వరాలన్నీ దుప్పటి కప్పినట్టు మూసుకుపోతాయి. గొంతు విచ్చుకున్నట్టు వినిపించే చోట ఆపాలి. దానికి కొలతలేం లేవు, చెవే.

ఇప్పుడు వినండి. తాతయ్య పద్యం చివరికొచ్చారు. రాగం తీస్తున్నారు, ఇంకా తీస్తున్నారు, ఊపిరి ఎక్కడ దాచుకున్నారో తెలీదు. ఆపగానే ఈలలు, చప్పట్లు. వెనకనుంచి ఒకాయన "వన్స్ మోర్!" అని అరిచారు. ఆయన వెనక ఊరంతా అరిచింది. అప్పుడు హార్మోనియం మళ్ళీ ఎత్తుకుంటుంది. తాతయ్య అందుకునే లోపల 11 సెకన్లు హార్మోనియం ఒక్కటే. నా శాంపిల్, అంటే పాత రికార్డింగ్‌లోంచి తీసి కొత్త పాటలో వాడే ముక్క, ఆ 11 సెకన్లే.

ఇక్కడ ఒక మాట. మన పద్య నాటకంలో వన్స్ మోర్ పడితే, చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడాల్సిందే. కథ ఆగిపోయినా ఫర్వాలేదు, జనానికి కావాల్సింది ఆ ముక్క. సరిగ్గా ఇదే కోరికలోంచి న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో హిప్‌హాప్ పుట్టింది. పోయిన ఆదివారం ఆ చోటికి వెళ్ళాను, ఆ క్లిప్ చూడండి. జర్నల్ స్క్వేర్‌లో పాత్ ట్రైన్ ఎక్కి 33వ వీధిలో దిగి, అక్కడ డి ట్రైన్ పట్టుకుని బ్రాంక్స్. ఇదిగో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. హైవే పక్కన ఇటుక రంగు అపార్ట్‌మెంట్లు. 1973 ఆగస్టు 11న ఈ బిల్డింగ్ కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూలు తెరిచేలోపు బట్టలు కొనుక్కోవడానికి డబ్బుల కోసం పార్టీ పెట్టింది. అమ్మాయిలకి 25 సెంట్లు, అబ్బాయిలకి 50. పాటలు వేసింది వాళ్ళన్నయ్య, జమైకా నుంచి వచ్చిన కుర్రాడు, జనం డీజే కూల్ హెర్క్ అనేవారు. పాటలో గొంతులు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క వచ్చినప్పుడే కుర్రాళ్ళు రెచ్చిపోయి ఆడుతున్నారని ఆయన గమనించారు. ఆ ముక్కని బ్రేక్ అంటారు. అది కొన్ని సెకన్లే ఉంటుంది కాబట్టి, ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ మీద పెట్టి, ఒకదాంట్లో అయిపోగానే రెండోదాంట్లో మొదటినుంచి తిప్పే పద్ధతి తెచ్చారు. బ్రేక్ ఎంతసేపు కావాలంటే అంతసేపు.

అది వన్స్ మోరే కదండీ. వాళ్ళు నోటితో అడగలేదు, కాళ్ళతో అడిగారు. నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన విషయమే అక్కడ కనిపించింది. హిప్‌హాప్ నాకెందుకు పరాయిగా అనిపించలేదో ఆ రోజు తెలిసింది.

తర్వాత చేత్తో తిప్పే పని మెషీన్లకి వచ్చింది. న్యూయార్క్‌లోనే క్వీన్స్‌బ్రిడ్జ్‌లో ఉండే మార్లీ మార్ల్ అనే హిప్‌హాప్ నిర్మాత 80లలో పాత రికార్డు నుంచి ఒక్క స్నేర్ డ్రమ్ము దెబ్బని కోసి సొంతంగా వాయించుకోవచ్చని కనిపెట్టారు. 1987లో ఇలా ముక్కలు ఎక్కించుకుని వాయించే ఎస్‌పీ-1200 అనే మెషీన్ వచ్చింది. దాని మెమరీ మొత్తం కలిపి 10 సెకన్లు. అందుకని నిమిషానికి 33 చుట్ల స్పీడు రికార్డుని 45లో తిప్పి ఎక్కించుకునేవారు, మెషీన్‌లో స్పీడు మళ్ళీ కిందికి దించేవారు. చోటు కలిసొచ్చేది, దానితో పాటు శబ్దానికి ఒక గరుకు వచ్చేది. 12 బిట్లు, సెకనుకి 26 వేల చిల్లర కొలతలు, అంతే ఆ మెషీన్ శక్తి. ఆ పేదరికంలోంచి వచ్చిన గరుకునే ఇవాళ మనం డబ్బులిచ్చి ప్లగిన్లలో, అంటే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాముల్లో, కొనుక్కుంటున్నాం. మరుసటి ఏడాది డ్రమ్ మెషీన్ల డిజైనర్ రోజర్ లిన్, అకాయ్ కంపెనీ కలిసి వేళ్ళతో కొట్టే 16 ప్యాడ్లున్న ఎంపీసీ-60 అనే మెషీన్ తెచ్చారు. నా బల్ల మీద ఉన్నది దాని మనవరాలి లాంటిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

ఆ 11 సెకన్లని 14 ముక్కలుగా కోసి ప్యాడ్ల మీద పెట్టాను. హార్మోనిస్టు తాళానికి కట్టుబడి వాయించలేదు, ఊరిస్తూ వాయించారు. అలాగే లూప్ తిప్పితే కుంటుతుంది. పాట స్పీడు నిమిషానికి 90 బీట్లు. అంటే నాలుగు బీట్ల ఒక బార్ 2.67 సెకన్లు. ముక్కల్ని ఆ గడిలో కూర్చోబెట్టాలి, కానీ మరీ నిటారుగా కూర్చోబెడితే ప్రాణం పోతుంది. ఎంపీసీలో స్వింగ్ అని ఉంటుంది. 50 శాతం అంటే సమానం. నేను 62 పెట్టాను. ఈ స్పీడులో ప్రతి రెండో చిన్న దెబ్బ దాదాపు 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. రెప్పపాటు కంటే తక్కువే, కానీ మెడ ఊగేది అక్కడే.

డ్రమ్స్ మాత్రం ఎవరి రికార్డులోంచీ తీసుకోలేదు. దానికి కారణం ఉంది. 1969లో ద విన్‌స్టన్స్ అనే బ్యాండు రికార్డు వెనకవైపు పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన సుమారు ఏడు సెకన్ల డ్రమ్ బ్రేక్‌ని ప్రపంచమంతా వాడుకుంది. వేల పాటల్లో ఉంది. ఆయనకి దానిమీద పైసా రాలేదు. 2006లో ఇల్లు లేని స్థితిలో పోయారు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆ బ్రేక్ మీద నా చెయ్యి పడదు. కాబట్టి నా కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఖాళీ సూట్‌కేసు మీద పిడికిలి దెబ్బ, కింద సన్నగా ఒక సైన్ వేవ్, అంటే మెషీన్‌లో పుట్టించిన సాదా స్వరం, కలిపాను. నా స్నేర్ ఇడ్లీ పాత్ర మూత, రెండు చప్పట్లతో కలిపి. నవ్వకండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

గొంతు రికార్డింగ్ ఇక్కడే, బట్టల అల్మరాలో. తలుపుకి మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వేలాడదీశాను. గోడలకి కొట్టుకుని వచ్చే శబ్దాన్ని బొంత మింగేసినంత బాగా చవకరకం ఫోమ్ మింగదు. మా అన్నయ్య కూతురు ర్యాప్ ఇంగ్లీషులో రాసింది, హుక్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి, మాత్రం తెలుగు. "ఊళ్ళో" అనే మాట దగ్గర గంటసేపు ఆగాం. ళ రాలేదు, ల వస్తోంది. "బాబాయ్, వదిలేద్దామా?" అంది. ముత్తాత గొంతు పక్కన తన గొంతు రాబోతోంది కదా, వదలబుద్ధి కాలేదు. ముప్పయ్యోసారికి వచ్చింది. వచ్చినప్పుడు తనకే ముందు తెలిసింది.

మిక్స్‌లో అసలు గొడవ హార్మోనియంకీ గొంతుకీ. రెండూ ఒకే మేడ మీద కాపురం ఉంటాయి, అంటే ఒకే స్థాయి స్వరాల్లో. 180 హెర్ట్జ్ కింద హార్మోనియం అంతా తీసేసి ఆ చోటు సూట్‌కేసు కిక్‌కి ఇచ్చాను. 2,500 హెర్ట్జ్ దగ్గర హార్మోనియం ఒక మూడు డెసిబెల్స్ తగ్గించాను, తను మాట్లాడేటప్పుడు మాత్రమే. తను ఆగగానే హార్మోనియం మళ్ళీ ముందుకొస్తుంది. పెద్ద స్పీకర్లలో, ఫోన్ స్పీకర్లో, కార్లో విన్నాం. ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొన్నాక పార్కింగ్‌లో కారు ఆపి విన్నదే ఆఖరి పరీక్ష. క్యాసెట్టు హిస్, అంటే వెనక ఎప్పుడూ వినపడే "స్స్" చప్పుడు, తీసేశాను. హార్మోనియం కింద "కిర్రు, కిర్రు" అని బీటుకి అందకుండా వస్తున్న చప్పుడు కూడా ఒక్కొక్కటే ఏరి పడేశాను. రెండు రాత్రులు పట్టింది. చాలా శుభ్రంగా వచ్చిందనుకున్నాను.

పెదనాన్నకి ఫోన్ చేసి, "క్యాసెట్టు వాడుకున్నాం పెదనాన్నా, మీరు సరేనంటేనే బయటపెడతాం" అన్నాను. "మీ తాతయ్య గొంతు మీది, ఎన్నిసార్లయినా వాడుకోండి. కానీ నువ్వు వినిపించిన దాంట్లో ఎక్కువ ఉన్నది హార్మోనియం కదరా. అది మనదెలా అవుతుంది? ఆ మాస్టారు రేపల్లె వైపు నుంచి వచ్చేవారు, పోయి పదేళ్ళు దాటింది" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. కోల్‌మన్ గురించి అంత బాధపడినవాణ్ణి, క్యాసెట్టు మా ఇంట్లోది కాబట్టి అందులోని చేతులు కూడా మా ఇంట్లోవే అనుకున్నాను.

చట్టం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 1991 డిసెంబర్‌లో ఒక శాంపిల్ కేసు తీర్పుని న్యూయార్క్ ఫెడరల్ జడ్జి "దొంగిలకూడదు" అనే బైబిల్ ఆజ్ఞతోనే మొదలుపెట్టారు. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ అనుమతి తీసుకోవడం ఈ రంగంలో మామూలైపోయింది, రికార్డింగ్‌కి ఒకటి, సంగీత రచనకి ఒకటి. మనవాళ్ళ పాటకీ జరిగింది. 2002లో వచ్చిన ఒక అమెరికన్ హిట్‌లో లతా మంగేష్కర్ గొంతు అనుమతి లేకుండా వాడితే, సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పేరు వేసేదాకా ఆల్బమ్ అమ్మకూడదని లాస్ ఏంజిలిస్ కోర్టు చెప్పింది. మా రికార్డు మీద కేసు వేసేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే ఇంకా గట్టిగా అడగాలనిపించింది.

పెదనాన్న పాత నాటకం వాళ్ళ ద్వారా వెతికించారు. పది రోజులకి మాస్టారి అబ్బాయి నంబర్ దొరికింది. అబ్బాయి అంటే ఆయనకి అరవై దాటాయి, సైకిల్ షాపు నడుపుతారు. వాట్సాప్‌లో పాట పంపి, ఇక్కడ రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాను. అక్కడ షాపు తెరిచే వేళ. ఆయన పూర్తిగా విన్నారు. కాసేపు మాట్లాడలేదు.

"బాబూ, వాయించింది మా నాన్నే, ఆ ఎత్తుగడ ఆయనదే. కానీ తొక్కుడు ఏదయ్యా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. అది కాలి హార్మోనియం. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయిస్తారు. ఎడమ పెడల్ బిగుతు తగ్గి కిర్రుమనేది. "చిన్నప్పుడు నేను స్టేజీ పక్కన ఆ పెట్టెకి ఆనుకుని పడుకునేవాణ్ణి. పద్యాలు నాకు గుర్తుండవు. ఆ కిర్రు వింటూ నిద్రపోయేవాణ్ణి. అది లేకపోతే ఎవరో వాయించినట్టుంది."

నేను రెండు రాత్రులు కూర్చుని ఏరి పడేసిన చప్పుడు అదే.

వారం రోజులు మళ్ళీ పని. క్యాసెట్టు మళ్ళీ ఎక్కించాను, ఈసారి ఏ క్లీనింగూ లేకుండా. 14 ముక్కలూ మళ్ళీ కోశాను. పెడల్ చప్పుడు ముక్క మధ్యలో తెగిపోతుంటే, కోత ఉన్న చోటు మార్చాను. హిస్ ఉండిపోయింది, ఉండనిచ్చాను. కిర్రు బీటు మీద పడదు, ఒక్కోసారి స్నేర్‌కి ముందు, ఒక్కోసారి తర్వాత. ఒక మనిషి తన ఊపిరితో తను తొక్కుతున్నాడని తెలుస్తుంది. ఆ ఎత్తుగడకి రచనలో సగం వాటా ఆయన కుటుంబానికి అని కాగితం రాసి, మా అన్నయ్యకి తెలిసిన లాయర్ గారికి చూపించి, తెలుగులో ఒక కాపీ ఆయనకి పంపాను.

నిన్న రాత్రి కొత్త మిక్స్ పంపాను. షాపులో ఫోన్ స్పీకర్లోనే విన్నారట. ఆ స్పీకర్లో నా సూట్‌కేసు కిక్ అస్సలు వినపడదు, కిర్రు మాత్రం బాగా వినపడుతుంది. ఇవాళ పొద్దున వాయిస్ మెసేజ్ వచ్చింది. కాగితం గురించి ఒక్క ముక్క లేదు. వెనక ఎవరో టైరుకి గాలి కొడుతున్న చప్పుడు.

"బాబూ, పేరు వేసేటప్పుడు ఇంటిపేరు పొట్టిగా వెయ్యకు, పూర్తిగా రాయి. పక్కన హార్మోనియం అని రాస్తావేమో, అది పెట్టె పేరు. హార్మోనిస్టు అని రాయి."

మా అన్నయ్య కూతురు పక్కనే కూర్చుని కవర్ వెనకవైపు ఇప్పుడు అదే టైప్ చేస్తోంది. నన్ను అడిగి అడిగి, తెలుగులోనే.