మా జేజి పడి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమదినాల కూటంలో మాట్లాడమని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. నేను వేదాంత కళాశాలలో చదివినదాన్ని కాదు. సర్కారు బడిలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. "అనుదిన బైబిలు పఠనం, హృదయశుద్ధి" అని అంశం ఇచ్చారు. దాని గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఒక పాత్ర దగ్గర నేర్చుకున్నాను. అందుకే దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చాను. ఈ బల్ల మీదున్నది గింజలు కొలిచే ఇత్తడి పడి. మా జేజిది, అంటే మా నాన్నమ్మది.

మా జేజిది గుత్తి దగ్గర ఒక పల్లె. అక్షరం ముక్క రాదు. శెనక్కాయల కాలంలో కూలికి పోయేది. మిగతా రోజుల్లో సంతలో ఉలవలు, అలసందలు కొలిచి అమ్మేది. రాత్రి అన్నాలు తిన్నాక బుడ్డి దీపం ముందు నన్ను కూర్చోబెట్టి బైబిలు చదివించుకునేది. అప్పుడు నేను ఐదో తరగతి. ఎక్కడైనా ఒక మాట ఆమెను పట్టుకుంటే "ఆగు, ఇంకోసారి సదువు" అనేది. చదివేదాన్ని. నిద్ర ముంచుకొస్తున్నా చదివేదాన్ని.

ఒకనాటి రాత్రి సామెతలు పదకొండో అధ్యాయం వచ్చింది. మొదటి వచనమే "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." జేజి ఆగమనలేదు. నేను అధ్యాయం మొత్తం చదివేశాను. రోజూ చివర్లో ఆమేన్ అనే మనిషి ఆ రాత్రి ఏమీ అనకుండా లేచి లోపలికి పోయింది. పొద్దున నన్ను పిలిచి ఈ పడి చేతికిచ్చి, "లోపల చెయ్యి పెట్టి చూడు" అంది. పెట్టాను. అడుగు లోపలికి ఉబ్బి ఉంది. ఎప్పుడో కింద పడి సొట్టపోయింది. బయటినుంచి చూస్తే ఏమీ కనపడదు. కొనేవాళ్ళు చూసేది పైన గోపురంలా నిలిచిన గింజలనే కదా. కానీ పడికి ఒక పిడికెడు తగ్గేది. "నేను కొట్టిన సొట్ట కాదు కదా అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ" అంది జేజి.

తర్వాతి సంతకు పోతూ సొట్టలు తీసేవాడి దగ్గర ఆగి, ఆ అడుగు సరిచేయించింది. ఆ వారం చేతికి డబ్బులు తక్కువ వచ్చాయి. తాత కేకలేశాడు. "వాక్యం వినేసి పిల్లల కడుపు మాడుస్తావా" అన్నాడు. జేజి ఎదురు చెప్పలేదు. ఆ రాత్రి నన్ను, "ఆ విధవరాలి పిండి తొట్టి కథ సదువు" అని అడిగింది. మొదటి రాజులు పదిహేడో అధ్యాయం. కరువులో సారెపతు విధవరాలి దగ్గర ఒక్క పూటకు సరిపడే పిండి ఉంది. అది తిని చనిపోదామని ఆమె పుల్లలు ఏరుకుంటోంది. అటువంటి ఆమెను ఏలీయా ప్రవక్త, మొదట నాకొక చిన్న అప్పం చేసి తీసుకురా అన్నాడు. ఆమె చేసింది. పిండి అయిపోలేదు, నూనె తక్కువ కాలేదు. చిన్నప్పుడు నాకది అద్భుతం కథ. జేజికి మాత్రం అది ఆ వారం తన ఇంట్లో తేలాల్సిన లెక్క.

విశ్వాసం, హృదయశుద్ధి అని మనం రెండు మాటలు వాడతాం. రెండు వేర్వేరు ప్రసంగాలు చేస్తాం. ఆ వారం మా ఇంట్లో అవి ఒకటే అయ్యాయి. లోపలి సొట్ట తీయించాలంటే, తీయించాక కూడా దేవుడు మనల్ని బతికిస్తాడని నమ్మాలి. ఆ నమ్మకం లేకపోతే సొట్ట అలాగే ఉండిపోతుంది. మనం పైపైన పడిని చింతపండుతో తోముకుంటూ ఉంటాం.

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో జరిగిందీ అదే. యూదుల మతపెద్దలైన పరిసయ్యులు, శాస్త్రులు వచ్చి, నీ శిష్యులు చేతులు కడుక్కోకుండా తింటున్నారేమని యేసుప్రభువును అడిగారు. ఆయన వాళ్ళ దృష్టిని చేతుల మీదనుంచి గుండె మీదికి తిప్పాడు. మనిషిని అపవిత్రపరిచేవి లోపలినుంచే వస్తాయన్నాడు. దొంగతనం, లోభం, మోసం, మత్సరం, అహంభావం అంటూ ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాడు. మన అనంతపురం వాళ్ళకు ఈ మాట ఇంకొంచెం బాగా అర్థం కావాలి. ఫ్లోరైడు నీళ్ళ సంగతి మనకు కొత్త కాదు. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి చూస్తే తేటగా ఉంటాయి. వాసన ఉండదు, రంగు ఉండదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంటారు. ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. మరిగిస్తే పోతుందా అంటే పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. నా భక్తి కూడా చాలా ఏళ్ళు మరిగించిన నీళ్ళలాగే ఉండేదని నేను మీ ముందు ఒప్పుకోవాలి. ఉదయం ఐదింటికే లేచేదాన్ని. ఉపవాసాలు, కుటుంబ ప్రార్థన తప్పేవి కావు. లోపల ఉన్నది మాత్రం అలాగే చిక్కబడుతూ వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అంతకంటే ముందు, ఆ రాత్రి జేజి ఆ వచనాన్ని తెలుగులో వినగలిగిందంటే ఎవరి పుణ్యమో ఒక్క నిమిషం గుర్తు చేసుకుందాం. అగస్టస్ డెగ్రాంజెస్, జార్జి క్రాన్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ చనిపోయారు. వాళ్ళు పనిచేసిన సువార్తలు బెంగాల్లోని సేరంపూరులో అచ్చయింది 1812లో. అంటే ఇద్దరూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూడలేదు. కొత్త నిబంధన మొత్తం 1818లో మద్రాసులో అచ్చయింది. 1822లో లండన్ మిషన్ కడపలో పని మొదలుపెట్టింది. అక్కడినుంచి మన గుత్తి, జమ్మలమడుగు దాకా వాక్యం నడిచి వచ్చింది. ఇంతమంది చెమటతో మన చేతికొచ్చిన పుస్తకాన్ని మనం ఎలా చదువుతున్నాం?

చాలామంది ఇళ్ళలో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, ఒక వచనం రాసిన వాగ్దాన కార్డు గోడకు అంటించి ఉంటుంది. పొద్దునే ఫోన్లో ఒక వచనం వస్తుంది, పూల బొమ్మతో సహా. దాన్ని పదిమందికి పంపిస్తాం. నేనూ పంపిస్తాను. తప్పని అనను, ఎంతోమందికి ఆసుపత్రి మంచం మీద అదొక్క వచనమే ఊపిరి అయింది. కానీ వాగ్దాన కార్డు మీద "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని ఎప్పుడైనా వచ్చిందా? నాకు ఇంతవరకు రాలేదు. ఏరుకుని చదివితే మనకు తీపివే దొరుకుతాయి. వరుసగా చదివితే మనం వెతకని మాట కూడా వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

లేవీయకాండం తీసుకోండి. బలులు, కుష్ఠు, అంటు అని చెప్పి చాలామంది అక్కడ చదవడం ఆపేస్తారు. ఆ పుస్తకంలోనే పంతొమ్మిదో అధ్యాయం ఉంది. పొలం అంచుల దాకా కోయకండి, పరిగె ఏరుకోకండి, అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టండి అని అక్కడుంది. మన దగ్గర శెనక్కాయలు పీకేశాక ఆ చేలో ఎవరు ఏరుకుంటారో మీకు తెలుసు. కూలివాని కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని అక్కడుంది. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్నది పద్దెనిమిదో వచనం. కొలతలో, తూనికలో అన్యాయం చేయవద్దన్నది ముప్పై ఐదో వచనం. పొరుగువాడిమీద ప్రేమ, ఉలవలు కొలిచే పడి, రెండూ ఒకే అధ్యాయంలో పదిహేడు వచనాల దూరంలో ఉన్నాయి. లెక్కల టీచరుగా ఆ దూరం చూసి నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

వరుసగా చదివినా ఒక ప్రమాదముంది. ఇతరుల కోసం చదవడం. ఈ వచనం మా కోడలికి సరిగ్గా సరిపోతుంది, ఇది ఆ సంఘపెద్ద వినాల్సిన మాట అనుకుంటూ గీత గీస్తాం. ఊరియా భార్యను తనదిగా చేసుకుని, అతన్ని చంపించిన దావీదు రాజు కూడా అలాగే విన్నాడు. రెండో సమూయేలు పన్నెండో అధ్యాయంలో నాతాను ప్రవక్త ఆయనకు ఒక కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడు, ఒక్క గొర్రెపిల్ల ఉన్న బీదవాడి దగ్గర దాన్ని లాక్కుని చుట్టానికి వండి పెట్టాడు. దావీదుకు కోపం వచ్చింది. ఆ మనిషి చావాలన్నాడు, నాలుగింతలు తిరిగి ఇవ్వాలన్నాడు. తీర్పు సరైనదే. మనిషి ఎవరన్నదే తెలియలేదు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను. యాభై ఒకటో కీర్తనలో "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని ఏడ్చింది ఆ మాట విన్న మనిషే. అదే కీర్తనలో "నీవు అంతరంగములో సత్యము కోరుచున్నావు" అని కూడా ఒప్పుకున్నాడు.

ఇక నా సంగతి. మా అమ్మ పోయినప్పుడు ఆమె రెండు పేటల గొలుసు నా దగ్గర ఉంది. ఆసుపత్రి ఖర్చు అంతా నేనే పెట్టుకున్నాను. గొలుసు ఖరీదు, ఖర్చు దాదాపు సమానం. కాగితం మీద వేసి చూపించాను కూడా. మా చెల్లెలు ధర్మవరంలో ఉంటుంది. వాళ్ళది మగ్గం మీద బతికే ఇల్లు. అమ్మ గుర్తుగా ఏదైనా ఇవ్వు అక్కా అని ఒక్కసారి అడిగింది. లెక్క చెప్పాను. ఆ తర్వాత అడగలేదు, మా ఇంటికి రాలేదు. పదకొండేళ్ళు.

ఆ పదకొండేళ్ళూ నేను రోజూ బైబిలు చదివాను. మత్తయి ఐదో అధ్యాయం ఎన్నిసార్లు చదివానో. "హృదయశుద్ధిగలవారు ధన్యులు" అన్న వచనం కింద రెండు రంగుల పెన్నుతో గీతలున్నాయి. దాని తర్వాత కొంచెం దూరంలోనే ఇంకొక మాట ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ మీద నీ సహోదరునికి ఏమైనా విరోధం ఉందని జ్ఞాపకమొస్తే, అర్పణను అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు. గమనించండి, నీకు వాడిమీద అనలేదు, వాడికి నీమీద అన్నాడు. నాకు చెల్లెలి మీద ఏమీ లేదు కాబట్టి అది నాకు కాదనుకుని దాటిపోయేదాన్ని. ఒకరోజు దాటలేకపోయాను. ఎందుకో చెప్పలేను. జేజి గొంతు వినపడినట్టయింది, "ఆగు, ఇంకోసారి సదువు" అని. చదివాను. అప్పుడు ఈ పడి నా వంటింట్లోనే, బియ్యం డబ్బా మీద ఉంది. నా లెక్క సరైనదే, నా లోపలి అడుగే ఉబ్బి ఉంది.

బస్సెక్కి ధర్మవరం వెళ్ళాను. నన్ను చూసి మా చెల్లెలు కాళ్ళకు నీళ్ళిచ్చింది. గొలుసు చేతిలో పెట్టాను. మెడలో వేసుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. చాలాసేపు చూసి, "ఇన్నేళ్ళెందుకు పట్టిందక్కా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మా ఇద్దరి మధ్య అన్నీ సర్దుకున్నాయని నేను చెప్పను. ఈమధ్య పండుగకు వస్తోంది. ఒక్కోసారి పాత మాట ఏదో గుర్తొచ్చి మౌనంగా ఉండిపోతుంది. అప్పుడు నేను మార్కు తొమ్మిదో అధ్యాయంలో ఆ తండ్రి చేసిన ప్రార్థన చేసుకుంటాను. దయ్యం పట్టిన బిడ్డను యేసు దగ్గరికి తెచ్చి, బిగ్గరగా, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. రెండూ ఒక్క నోటనే చెప్పాడు. ప్రభువు అతన్ని తోసేయలేదు, బిడ్డను బాగుచేశాడు. అంతరంగంలో ఉన్న సత్యాన్ని ఉన్నట్టుగా దేవుడికి చెప్పడం అంటే నాకు అదే గుర్తొస్తుంది.

కొత్తగా మొదలుపెట్టాలనుకునే పిల్లలకు ఒక మాట. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. చదవగలిగితే మంచిదే. కానీ లెక్క పూర్తి చేయాలని పరుగెత్తకండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా. దాన్ని ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకుంటే అది పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆదివారం ఒక్కరోజే ఏడు రోజులకు సరిపడా వింటామంటే కుదరదు. రోజుకొక అధ్యాయమే చదవండి. పట్టుకున్న మాట దగ్గర ఆగండి. ఆ మాట ఎవరి కోసమో అని మనసు ఇరుగుపొరుగు వైపు వెళితే, దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. చదువు రాని అవ్వలు, జేజిలు ఇంట్లో ఉంటే వాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఆగమంటారో చూడండి. మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.

వచ్చే వారం కూటానికి లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం చదువుకుని రండి. ప్రార్థన అయ్యాక ఈ పడి ఇక్కడే బల్ల మీద ఉంటుంది. చూడాలనుకున్నవాళ్ళు వచ్చి లోపల చెయ్యి పెట్టి చూడండి. అడుగు ఇప్పుడు చదునుగానే ఉంది. సుత్తి దెబ్బల గుర్తులు మాత్రం వేళ్ళకు ఇంకా తగులుతాయి.