పాత ఆర్‌సీ కిట్‌కి విలువ కట్టడం: పిన్నుల దగ్గర మొదలుపెడదాం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. రెండూ టామియా కంపెనీ హార్నెట్ కిట్లే, అంటే విడిభాగాలు కూర్చి తయారుచేసుకునే ఆర్‌సీ (రేడియో కంట్రోల్) బొమ్మ కార్లు. రెండింటి మీదా అదే నల్ల బగ్గీ. ఒకటి 1984 నాటిది. రెండోది అదే కంపెనీ 2004లో మళ్లీ విడుదల చేసింది. మొదటిదాని కిట్ నంబరు 58045, రెండోదాని నంబరు 58336. ఎవరైనా "మా ఇంట్లో పాత హార్నెట్ ఉంది, ఎంత పలుకుతుంది?" అని అడిగితే, నేను ముందు అడిగేది ఈ నంబరే.

టామియా 1976లో పోర్షే 934తో ఆర్‌సీ కార్లు మొదలుపెట్టింది. ఆనాటి పిల్లలు పెద్దవాళ్లై, చేతిలో డబ్బు ఆడేసరికి, వాళ్లు మోజుపడ్డ కార్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వచ్చాయి. 1979 నాటి శాండ్ స్కార్చర్ 2010లో వచ్చింది. 1988 నాటి అవాంటే 2011లో వచ్చింది. బంగారు రంగు అల్యూమినియం చాసిస్ (కారు అడుగు చట్రం) ఉన్న అసోసియేటెడ్ కంపెనీ ఆర్‌సీ10 కూడా 1984లో పుట్టి 2013లో తిరిగొచ్చింది. కాబట్టి కారు పేరు చూసి ధర చెప్పే రోజులు పోయాయి. నడుపుకోవాలనుకునేవాళ్లు కొత్తది కొనుక్కుంటారు. పాతదానికి ఎక్కువ ఇచ్చేవాళ్లు ఆ కాలంలో ఫ్యాక్టరీలో సర్దిన సరుకు సర్దినట్టే కావాలనుకుంటారు. మనం చూడాల్సింది కూడా అదే: ఎంత మిగిలింది, మిగిలినదాంట్లో ఎంత అసలుది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి 58016 నంబరున్న శాండ్ స్కార్చర్ కిట్ కొన్నాను. పెట్టె అసలుదే, మూత రంగులు కూడా వెలిసిపోలేదు. ఆ సంతోషంలో లోపల సరిగ్గా చూడలేదు. ఇంటికొచ్చి విడిభాగాలున్న ప్లాస్టిక్ కవర్లు వరసగా పేర్చాక, ఒక్కదాని మీద కన్ను ఆగింది. మిగతా కవర్ల పైఅట్టకి కొట్టిన స్టేప్లర్ పిన్నులు మసకబారి, వాటి చుట్టూ అట్ట మీద సన్నగా తుప్పు మరక దిగింది. టైర్ల కవర్‌కి మాత్రం పిన్నులు తళతళలాడుతున్నాయి. పైగా పాత రంధ్రాలు రెండు పక్కనే ఖాళీగా కనిపిస్తున్నాయి. కవర్ విప్పితే కొత్త రబ్బరు వాసన. ఎవరో అసలు టైర్లు తీసేసి, కొత్తగా వచ్చిన కిట్ టైర్లు పెట్టి మళ్లీ పిన్ను కొట్టారు. అప్పటినుంచి ఏ కిట్ చేతికొచ్చినా ముందు పిన్నులే చూస్తాను.

పెట్టె మీద ప్లాస్టిక్ సీల్ ఉంటే చాలామంది నిశ్చింతగా కొనేస్తారు. అలా కొనొద్దు. ఆ పొర ఎప్పుడైనా, ఎవరైనా కొత్తగా చుట్టించవచ్చు. లోపలి కవర్ల మీద ఉన్న ముప్పై నలభై ఏళ్ల ఆనవాళ్లు పుట్టించడం అంత తేలిక కాదు.

తెరవని కిట్ కూడా పాడవుతుందని గుర్తుంచుకోండి. రబ్బరు టైర్లు ఏళ్ల తరబడి గట్టి ప్లాస్టిక్ భాగాలకి ఆనుకుని ఉంటే, రబ్బరులోని నూనెలాంటి పదార్థం ప్లాస్టిక్‌లోకి దిగి, ఆనిన చోట దాన్ని కరిగించినట్టు చేస్తుంది. గ్రీజు గట్టిపడుతుంది, స్టిక్కర్లు పసుపెక్కి జిగురు వదిలేస్తాయి. ఎండ తగిలిన తెల్ల బాడీ పాలమీగడ రంగుకి తిరుగుతుంది. ఇవేవీ పెట్టె బయటినుంచి తెలియవు. అందుకే ఎక్కువ మొత్తం పెట్టేముందు లోపలి ఫోటోలు అడగండి. తప్పేం లేదు.

వాడిన కార్ల విషయానికొస్తే, బాడీ మీదే ఎక్కువ దృష్టి పెట్టండి. హార్నెట్ లాంటి పారదర్శకమైన పాలీకార్బొనేట్ బాడీకి రంగు లోపలివైపు వేస్తారు, అంచులు కత్తెరతో కత్తిరిస్తారు. ఒక్కసారి కత్తెర పడితే వెనక్కి తీసుకోలేం. కత్తిరించని, రంగు వేయని అసలు బాడీ ఒక్కటే దొరికినా దాని గిరాకీ దానికుంటుంది. స్క్రూ తలలు అరిగాయా, చాసిస్‌కి అదనంగా రంధ్రాలు వేశారా, పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి వైర్లు ఆకుపచ్చగా మారాయా అన్నవి కూడా చూడాలి. కొత్త విడిభాగాలు వేసి బాగుచేసిన కారంటే నాకు చిన్నచూపు లేదు, నా దగ్గరా ఉన్నాయి. కానీ అమ్మేటప్పుడు ఏ భాగం మార్చారో చెప్పి తీరాలి. చెప్పకపోతే అది మోసమే.

ధర తేల్చేటప్పుడు, అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న రేటు పక్కన పెట్టండి. అదే నంబరు, అదే స్థితిలో ఉన్న కిట్ నిజంగా ఎంతకి అమ్ముడైందో చూడండి. ఒక్క అమ్మకం చాలదు, నాలుగైదు చూడండి. వేలంలో ఇద్దరు పంతం పడితే ఆ రోజు ధర ఆ ఇద్దరిదే.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా బల్ల దగ్గరికి రండి. రెండు పెట్టెల్లోంచీ ఒక్కో కవర్ తీసి కలిపేశాను. ఏది 1984దో మీరే చెప్పండి. చేతులు పొడిగా తుడుచుకుని ముట్టుకోండి, ఆ అట్టలు చాలా పెళుసుగా ఉన్నాయి.