మందు ఇచ్చే చేతికి సంఘం అండ: నల్లగొండ ఫార్మసిస్టుల సమావేశంలో ప్రసంగ పాఠం

వేదిక మీది పెద్దలకు, దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తోటి ఫార్మసిస్టులకు, ఫార్మసీ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

1912 సెప్టెంబర్ 25న అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య ఏర్పడింది. ఆ తేదీనే ప్రపంచమంతా మన ఫార్మసిస్టుల దినంగా జరుపుకుంటున్నది. ఒక సంఘం పుట్టిన రోజే మనకు పండుగ రోజు అయింది కాబట్టి, నేను ఈ పూట సంఘం గురించే మాట్లాడతాను.

మనలో చాలామంది మూడు వేర్వేరు వ్యవస్థలను ఒకటిగా కలిపి చూస్తున్నారు. 1948 ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ మన పేరును రిజిస్టరులో ఎక్కిస్తుంది, తప్పు చేస్తే తొలగిస్తుంది. మందుల వ్యాపారుల సంఘం లాభం శాతం గురించి, గడువు తీరిన సరుకు వాపసు గురించి కంపెనీలతో మాట్లాడుతుంది; అది వ్యాపారానికి అవసరమే. మూడవది వృత్తి సంఘం. ఇండియన్ ఫార్మస్యూటికల్ అసోసియేషన్ 1939లోనే ఏర్పడింది. చట్టం ఆ తరువాత తొమ్మిదేండ్లకు గాని రాలేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 1932లో ఫార్మసీ చదువుకు పునాది వేసిన మహాదేవ లాల్ ష్రాఫ్ వంటి వారు, తమ పనికి ఒక శాస్త్రం, ఒక కట్టుబాటు ఉండాలని ముందుగా తమలో తాము నిర్ణయించుకున్నారు. మన జిల్లాలో మూడవదే బలహీనంగా ఉన్నది.

దాని లోటు ఎక్కడ కనబడుతుందో చెబుతాను. ఫ్లోరైడ్ నీటితో మన ఊళ్లు ఎంత నలిగిపోయాయో మీకు తెలుసు. ఆ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే విధానానికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు నిలిచింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, ఒకసారి గట్టిపడిన కీళ్లు తిరిగి మెత్తబడవు. మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దమ్మ ఖాళీ స్ట్రిప్ కొంగుకు ముడేసుకొని నా దగ్గరికి వచ్చింది. ‘‘బిడ్డా, గీ నొప్పి గోలీలే ఇయ్యి, గివి లేకుంటే లేవలేను’’ అన్నది. అది డైక్లోఫెనాక్, చీటీ లేకుండా ఇవ్వకూడని షెడ్యూల్ హెచ్ మందు. ఆమె దానిని రోజుకు రెండు చొప్పున ఏండ్లుగా మింగుతున్నది. బీపీకి ఏమైనా వాడుతున్నావా అని అడిగితే, సంచిలో నుంచి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన గోలీ తీసి చూపించింది. ఈ మూడు మందులు ఒంట్లో కలిసినప్పుడు కిడ్నీకి అందే రక్తం తగ్గిపోయి, అది చప్పుడు లేకుండా దెబ్బతినే ప్రమాదం ఉన్నదని మనం చదువుకున్నాము. కాళ్ల వాపు చూసి, ఆ స్ట్రిప్ ఇవ్వకుండా, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని డాక్టరును కలవమని పంపించాను. అన్నేండ్లలో ఆమెకు ఆ గోలీలు అందించిన చేతులు ఎన్నో ఉంటాయి, ఒక్కరూ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అడగకపోవడానికి కారణం మనకు తెలుసు. సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది, దాని మీద పేరున్న మనిషి ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగంలో ఉంటాడు. నెలనెలా వచ్చే కిరాయి డబ్బుకు ఆశపడి మన చదువును మనమే అద్దెకు ఇస్తున్నాము. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇతరులు చీటీ మీద మందు ఇవ్వరాదని చట్టంలోని 42వ సెక్షన్ చెబుతున్నది. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందు గురించి వివరించడాన్ని మన బాధ్యతగా చేర్చాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఏడాదికి ఒకసారి వస్తే వస్తాడు. ఏడాది పొడుగునా పక్క షాపులో ఉండేది మనమే కాబట్టి, ‘అన్నా, ఇది తగదు’ అని మర్యాదగా, గట్టిగా చెప్పగలిగేది సంఘమే. అయితే ఆ మాట చెప్పేముందు సంఘం ఇంకొకటి ఆలోచించాలి: ఫార్మసిస్టుకు బతకగలిగిన జీతం దొరకనంతకాలం కిరాయి ఆగదు. జీతం గురించి షాపు యజమానులతో కూర్చొని మాట్లాడటం కూడా సంఘం పనే.

చదువు సంగతి కూడా అంతే. మనలో కొందరు డిప్లొమా చేసిన నాటికి షెడ్యూల్ హెచ్1 అనే, ఇంకా గట్టి నిఘా ఉండే మందుల జాబితా లేదు. అది 2014 మార్చి నుంచి అమలులోకి వచ్చింది. టీబీ మందులు, కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లు ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు పేరు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేండ్లు భద్రపరచాలి. ఈ రిజిస్టరును ఇన్‌స్పెక్టర్ కోసం ఒకేసారి కూర్చొని నింపేవారున్నారు. అట్లా నింపిన పుస్తకం ఎవరికీ పనికిరాదు.

అందుకని నా ప్రతిపాదన చిన్నది. ప్రతి నెలా రెండవ ఆదివారం గడియారం స్తంభం సెంటరుకు దగ్గరలో ఒక గది తీసుకొని రెండు గంటలు కూర్చుందాము. ఎవరి కౌంటరులో ఎదురైన ఒక ఇబ్బందిని వారు, రోగి పేరు చెప్పకుండా, ముందు పెట్టాలి. మందు వికటించిన సంఘటన ఉంటే అక్కడి నుంచే, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసుకునే 1800-180-3024 నంబరుకు తెలియజేద్దాము. మొదటి ఆదివారపు అంశం నొప్పి గోలీలూ, కిడ్నీలూ. ఆ పెద్దమ్మ స్ట్రిప్ నా దగ్గరే ఉన్నది, తీసుకొస్తాను.