తాంబరంలో దిగిన పిల్లకి ఎవరున్నారు?

(డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు చెన్నైలోని ఒక తెలుగు సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరుసలో శాలువాలు కప్పించుకున్న మాజీ సైనికులకి, వెనక వరుసలో కూర్చుని ఆ శాలువాలు మడతపెట్టి సంచిలో దాచే వాళ్ళ ఇల్లాళ్ళకి నమస్కారం. ఈ వానలో, దారిలో నీళ్ళు నిలిచాయని తెలిసీ వచ్చారు. గుమ్మంలో పిల్లలు మీ అందరికీ జెండా గుచ్చారు కదా, ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. మూడు దళాలకి మూడు రంగులు. 1949 నుంచి ఏటా ఇదే రోజున గుచ్చుతున్నారు. డబ్బాలో ఏదో ఒకటి వేసే ఉంటారు. వెయ్యనివాళ్ళు వెళ్ళేటప్పుడు వెయ్యండి.

ఆహ్వాన పత్రంలో నా అంశం "సైనిక కుటుంబాల త్యాగం" అని వేశారు. ఆ త్యాగం గురించి నాకు ముందు మాట్లాడినవాళ్ళు ముగ్గురూ చెప్పేశారు, చక్కగా చెప్పారు. మా ఆయన మూడో వరుసలో కూర్చున్నారు. త్యాగం అంటే ఆయన నవ్వుతారు, "జీతం ఇచ్చారు కదే" అంటారు. అందుకని నేను సూట్‌కేసుల గురించి, కాగితాల గురించి మాట్లాడతాను.

మేం కొన్నాళ్ళు కార్నిక్‌లో ఉన్నాం. కార్ నికోబార్ అన్నమాట, వైమానిక దళంలో అందరూ కార్నిక్ అనే అంటారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఇంకా దక్షిణంగా 270 కిలోమీటర్ల దాకా పోవాలి. కొండ అనేది లేని చదును దీవి, ఎటు చూసినా కొబ్బరి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్ళు అక్కడ రన్‌వే వేశారు, ఆ తరవాత మన స్థావరం వచ్చింది. క్వార్టర్స్ గుమ్మంలో నిలబడితే సముద్రం. కొత్తకాపురంలో అదో మురిపెం.

సదుపాయాలు లేవని నేను అనను. అంటే కళ్ళు పోతాయి. క్యాంటీను ఉంది, మందులిచ్చే చోటు ఉంది, సంక్షేమ సంఘం ఉంది. బదిలీల మీద తిరిగేవాళ్ళ పిల్లల కోసం 1963లో ఇరవై రెజిమెంటల్ బళ్ళతో మొదలుపెట్టిన కేంద్రీయ విద్యాలయాలు ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. కానీ ఇవన్నీ కంచె లోపల ఉన్నాయి. కంచె దాటి బయట కాలుపెట్టిన ఆడమనిషికి ఏముంది? నేను అడగడానికి వచ్చింది అదొక్కటే.

కార్నిక్‌కి దారి రెండు రకాలు. చెన్నై నుంచి గానీ విశాఖ నుంచి గానీ ఓడలో పోర్ట్‌బ్లెయిర్‌కి మూడు రోజులు, అక్కడినుంచి ఇంకో ఓడ. లేకపోతే ఇక్కడ మన చెన్నై శివార్లలోని తాంబరం వైమానిక స్థావరం నుంచి కొరియర్. కొరియర్ అంటే ఉత్తరాలు పంచే కంపెనీ కాదు, ఏఎన్-32 విమానం. గోడవారగా గుడ్డ సీట్లు, చెవుల్లో దూది, ఆ మోతలో పక్క మనిషి మాట వినపడదు. దాంట్లోనే సామాను, దాంట్లోనే సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చే కుర్రాళ్ళు, చోటుంటే మాలాంటి కుటుంబాలు. కొరియర్ దిగిందంటే ఉల్లిపాయలు వచ్చాయని, ఉత్తరాలు వచ్చాయని. వాతావరణం బాగాలేక ఆగిపోయిందంటే ఆ వారం బంగాళాదుంప కూర, బంగాళాదుంప పులుసు.

నాకు మొదటి కానుపు ముందర మా అమ్మని రమ్మన్నాం. రావడానికి లేదు. అది ఆదివాసుల దీవి, వాళ్ళ రక్షణ కోసం 1956లో చేసిన నిబంధన ఉంది, పాస్ లేకుండా బయటివాళ్ళు అడుగు పెట్టకూడదు. మంచి నిబంధనే, నేను తప్పు పట్టను. కానీ విజయనగరంలో కూర్చున్న మా అమ్మకి ఆ సంగతి ఎవరు నచ్చజెప్తారు? "నా కూతుర్ని చూసుకోడానికి నాకు పర్మిటా?" అంది. సరే, ఏడో నెలలో నన్నే కొరియర్ ఎక్కించారు. ఆయనకి సెలవు దొరకలేదు. తాంబరంలో ఎవరో స్నేహితుడు వచ్చి సెంట్రల్ స్టేషన్లో రైలెక్కిస్తాడన్నారు. ఆ స్నేహితుడికి ఆవేళే డ్యూటీ పడింది.

గేటు బయట నేను, నా సూట్‌కేసు, ఈ పొట్ట. అరవం ఒక్క ముక్క రాదు. ఆటో అతనికి నా హిందీ రాదు. చేతులతో బేరం ఆడుతున్నాను. అతను చెప్పిన రేటుకి ఒళ్ళు మండి "వీడి దుంపతెగ" అన్నాను పైకే. వెనకనుంచి ఒక గొంతు: "ఎవరమ్మాయివే నువ్వు? ఉత్తరాంధ్రా?" తిరిగి చూస్తే చేతిలో కూరల సంచితో ఒక పెద్దావిడ. గుంటూరువాళ్ళు, సేలైయూరులో స్థిరపడ్డారు, భర్త రైల్వే. ఇంకేమీ అడగలేదు. సూట్‌కేసు తనే అందుకుంది. ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగన్నం పెట్టి పడుకోబెట్టింది. సాయంత్రం వాళ్ళాయన సెంట్రల్‌కి తీసుకెళ్ళి హౌరా మెయిల్లో కూర్చోబెట్టి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డారు. తరవాత మేం తాంబరానికే బదిలీ అయి వచ్చినప్పుడు, రెండో కానుపుకి నాకు పథ్యం వండింది ఆవిడే.

ఇదిగో, మూడు విషయాలని కాగితం మీద రాసుకొచ్చాను. మొదటిదానిలోనే ఉన్నాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నేను చూశాను.

ఆవిడ నాకు దొరకడం నా అదృష్టం. అదృష్టం మీద ఎంతమందిని వదిలేస్తాం? ఇప్పటికీ తెలుగు పిల్లలు శ్రీకాకుళం నుంచి, ప్రకాశం నుంచి, కడప నుంచి పెళ్ళి చేసుకుని దీవులకి పోతున్నారు. చెన్నై మీదుగానే పోతున్నారు. ఫోన్లు వచ్చాయి, నిజమే. ఫోన్ వచ్చి సూట్‌కేసు అందుకోదు.

రెండోది కాగితాలు. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. వైమానిక దళంలో పీఓఆర్ అని ఒకటుంటుంది, మనిషి వివరాలు దళం రికార్డులోకి ఎక్కించే కాగితం. ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్ అంటారు. పెళ్ళయినా, పిల్ల పుట్టినా అందులో పడితేనే అయినట్టు లెక్క. తిరుపతి కొండ మీద తాళి కట్టించుకో, పగలే అరుంధతీ నక్షత్రం చూసేయ్, పీఓఆర్‌లో పడందే నువ్వు భార్యవి కావు. అందులో పడ్డ పేరుతోనే రేపు ఆస్పత్రి, బడి, చివరికి కుటుంబ పెన్షను.

ఇప్పుడు మన తెలుగువాళ్ళ గొడవ. ఇంటిపేరు ముందు పెడతాం. ఢిల్లీవాళ్ళకి అది చివర ఉండాలి. చెన్నైవాళ్ళకి ఇంటిపేరే అక్కర్లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరం చాలు. నా బడి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఆధార్‌లోనూ అదే ఎక్కింది. పీఓఆర్‌లో మా ఆయన పేరే నాకు ఇంటిపేరు చేశారు. విజయనగరంలో పుట్టిన మా అబ్బాయికి మా అత్తవారి ఇంటిపేరు. ఇక్కడ పుట్టిన అమ్మాయికి వాళ్ళ నాన్న పేరులో అక్షరం. ఒక కంచంలో తిన్నాం నలుగురం, కాగితాల్లో ఎవరికెవరూ ఏమీ కాము. పెన్షన్ అంతా ఆన్‌లైన్ అయ్యాక ఇది బయటపడింది. అఫిడవిట్ అన్నారు, నోటరీ అన్నారు, పేపర్లో ప్రకటన అన్నారు. ఒక ఆఫీసులో, ఏ ఆఫీసో చెప్పను, ఒకాయన కళ్ళజోడు పైనుంచి చూసి "ఈవిడా ఆవిడా ఒకరేనా?" అని అడిగాడు మా ఆయన్ని. మా ఆయన ఏమన్నారో తెలుసా? "ఒకరే సార్, రెండో అవకాశం రాలేదు" అన్నారు. నవ్వండి, పర్వాలేదు. నవ్వుతూనే వినండి. మా ఆయన పక్కనున్నారు కాబట్టి అది నవ్వులాట అయింది. ఆయన లేకుండా ఒక్కతే అక్కడ నిలబడాల్సిన దాన్ని తలచుకోండి.

నేను చూశాను అలాంటివాళ్ళని. 2004 డిసెంబరు 26, ఆదివారం. అప్పటికి ఆయన తాంబరంలో ఉన్నారు. కార్నిక్ మీద సునామీ పడింది. మేం కాపురమున్న క్వార్టర్స్ వరస కొట్టుకుపోయింది. వైమానిక దళంవాళ్ళు, వాళ్ళ భార్యాపిల్లలు కలిసి వందమందికి పైగా పోయారు. రన్‌వే కొంత మిగిలింది కాబట్టి విమానాలు దిగి, బతికినవాళ్ళని తెచ్చాయి. కొందరు తాంబరానికి వచ్చారు. మేం ఆడవాళ్ళం దుప్పట్లు, బిస్కెట్లు పట్టుకెళ్ళాం. వాళ్ళకి ముందు కావలసినవి చెప్పులు, లోపలి బట్టలు. ఆ సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసింది. మళ్ళీ పరుగెత్తాం.

ఒకమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, భర్త జాడ తెలియదు. ఇంట్లో ఉన్న కాగితం ప్రతీదీ సముద్రంలో పోయింది. పెళ్ళి ఫొటో కూడా లేదు. కానీ భర్త సర్వీసు నంబరు గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ఒక అంకె పొల్లుపోకుండా. ఆ నంబరు పట్టుకునే మిగతావన్నీ తీగలాగారు. అందుకే నేను కొత్త పెళ్ళికూతుళ్ళకి చెప్తాను, అమ్మాయీ, ముందు ఆయన నంబరు కంఠతా పట్టు. నా సంగతి అడగండి, నిద్రలో లేపినా చెప్తాను. నా పుట్టినరోజెప్పుడో మూడో వరుసలో ఆయన్ని అడగండి.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. 2016 జులై 22 పొద్దున తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి లేచిన ఏఎన్-32, అదే కొరియర్, బంగాళాఖాతం మీద కనపడకుండా పోయింది. ఇరవై తొమ్మిదిమంది. అందులో ఎనిమిదిమంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, యూనిఫారం లేనివాళ్ళు. వాళ్ళని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, మా భార్యల సంఘాలు యూనిఫారంవాళ్ళ భార్యలవి. డిపో ఉద్యోగి భార్యకి మా మీటింగులో కుర్చీ లేదు, అదే విమానంలో ఆమె భర్తకి సీటుంది. ఆ సెప్టెంబరులో, చనిపోయినట్టుగా భావిస్తున్నామని కుటుంబాలకి కబురు చేశారు. శిథిలాల ఫొటోలు దొరికాయని 2024 జనవరిలో ప్రకటించారు. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున. వాటిని కనిపెట్టిన యంత్రాన్ని నడిపింది ఎక్కడివాళ్ళు? పళ్ళికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు. వేళచేరి తాంబరం రోడ్డు మీదే ఉంది, మీలో సగంమంది రోజూ దాని ముందునుంచే పోతారు. ఆ ఏడున్నరేళ్ళూ ఆ ఇళ్ళల్లో సంవత్సరీకం ఏ తిథికి పెట్టుకున్నారో, పెట్టుకోవాలో వద్దో ఎవరిని అడిగారో నాకు తెలియదు. మనవాళ్ళే కదా, మనం వెళ్ళి అడిగామా?

సరే. చందా అడగను, భయపడకండి. బ్యాంకుల్లో, ఎల్‌ఐసీలో, రిజిస్ట్రార్ ఆఫీసుల్లో చేసి రిటైరైనవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఇంకా ఎత్తండి, వెనక కూర్చున్న ఆ కళ్ళజోడు బాబాయిగారూ, మీరూ. అఫిడవిట్ ఎలా రాయాలో, ఏ ఫారానికి ఏ జిరాక్సు జత చెయ్యాలో మీకు నీళ్ళు తాగినంత సులువు. నెలకో ఆదివారం మీరు కూర్చుంటే చాలు, పిల్లల్ని నేను తీసుకొస్తాను. తాంబరం, సేలైయూరు, క్రోంపేట, పల్లావరంలో ఉన్న ఆడవాళ్ళు ఫోన్ నంబర్లు ఇవ్వండి. రాత్రిపూట ఫోన్ వస్తే విసుక్కోనివాళ్ళే ఇవ్వండి. ఒక గది ఖాళీగా ఉన్నవాళ్ళు అది కూడా రాయండి. అద్దె మాట తరవాత. దళంవాళ్ళ అనుమతి, గేటు దగ్గర మన నంబర్లు పెట్టించడం, ఆ పని మా ఆయనకి అప్పజెప్పాను. ఆయనకి ఇప్పుడే తెలిసింది.

పుస్తకం ఆ కాఫీ బల్ల మీద ఉంది. పెన్ను దారంతో కట్టాను, పట్టుకుపోకండి. ముందు పేరు రాయండి, కాఫీ తరవాత తాగొచ్చు. ఇంటిపేరు ముందు రాస్తారో వెనక రాస్తారో మీ ఇష్టం.