రాగి, అల్యూమినియం: ఏ తీగ ఎక్కడ, ఎందుకు?

(దృశ్యం: పొలాల మీదుగా సాగే 11 కేవీ లైను, కింద విప్పి పెట్టిన బోరు మోటారు)

పొలాల మీదుగా వెళ్లే ఈ లైనులో తీగ అల్యూమినియంది. దాని నుంచి వచ్చిన కరెంటుతోనే తిరిగే బోరు మోటారులో చుట్టిన తీగ మాత్రం రాగిది. రెండు చోట్లా పని ఒక్కటే అయినప్పుడు లోహం ఎందుకు మారుతుందో ఈ వీడియోలో చూద్దాం.

పరిశ్రమలో వాహకతను, అంటే కరెంటును సులువుగా పోనిచ్చే గుణాన్ని, పోల్చే ప్రమాణం 1913లో రాగి ఆధారంగా స్థిరపడింది. కాల్చి మెత్తబరచిన శుద్ధ రాగి వాహకతను 100గా తీసుకుంటే వెండికి సుమారు 106, అల్యూమినియానికి 61, ఇనుముకు 17 వస్తాయి. మొదటి స్థానం వెండిదే అయినా, ఆ ఐదారు శాతం కోసం అంత ధర పెట్టడం ప్రత్యేక అవసరాలకు తప్ప గిట్టుబాటు కాదు. కాబట్టి తీగల విషయంలో అసలు పోటీ రాగికీ అల్యూమినియానికీ మధ్యనే.

(దృశ్యం: ఒకే నిరోధం గల రెండు తీగలు, తక్కెడలో)

ఘన సెంటీమీటరు రాగి 8.96 గ్రాములు తూగితే అల్యూమినియం 2.70 గ్రాములే తూగుతుంది. ఒకే నిరోధం రావాలంటే అల్యూమినియం తీగ అడ్డుకోత వైశాల్యం రాగి కంటే 1.6 రెట్లు ఉండాలి. అంత లావు చేసినా దాని బరువు రాగి తీగలో సగమే ఉంటుంది. ఆరుబయట తీగ లావైనా పెద్ద ఇబ్బంది లేదు, స్తంభాల మీద పడే బరువే ముఖ్యం. అందుకే పొడవైన లైన్లలో ఉక్కు పోగును మధ్యలో ఉంచి, చుట్టూ అల్యూమినియం పోగులు పేనుతారు. అక్కడ రాగిని పక్కన పెట్టడం సరైన నిర్ణయమే.

మోటారులో లెక్క తిరగబడుతుంది. కదలని భాగమైన స్టేటర్‌లో తీగ చుట్టే గాడుల వైశాల్యం ముందే నిర్ణయమై ఉంటుంది, పైగా బోరు గొట్టంలో దిగాల్సిన మోటారును లావు చేయడానికి వీలుండదు. ఆ ఇరుకులో అల్యూమినియం చుడితే నిరోధం పెరిగి, వైండింగ్ వేడెక్కి, ఇన్సులేషన్ త్వరగా మాడిపోతుంది. అదే సాధారణ ఇండక్షన్ మోటార్లలో తిరిగే భాగమైన రోటరు కడ్డీలను మాత్రం పోత పోయడం సులువు కనుక చాలావరకు అల్యూమినియంతోనే చేస్తారు.

అల్యూమినియం అసలు బలహీనత జాయింట్ల దగ్గర బయటపడుతుంది. గాలి తగిలిన క్షణాల్లోనే దాని మీద కరెంటును అడ్డుకునే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. డిగ్రీ వేడికి మీటరు అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగితే, రాగి 17, ఉక్కు 12 మైక్రాన్లు సాగుతాయి. ఉక్కు స్క్రూ కింద బిగించిన అల్యూమినియం తీగ లోడు పడినప్పుడు వ్యాకోచించి నలిగిపోతుంది, చల్లారాక వదులవుతుంది. వదులైన చోట నిరోధం పెరిగి, మళ్లీ మరింత వేడి పుడుతుంది. 1965 నుంచి 1973 వరకు అమెరికాలో అల్యూమినియం వైరింగుతో కట్టిన ఎన్నో ఇళ్లలో అగ్నిప్రమాద భయానికి కారణం ఈ జాయింట్లే. అల్యూమినియం కేబులును రాగి టెర్మినలుకు కలిపేటప్పుడు రెండు లోహాల లగ్గులు (కేబులు చివర బిగించే తొడుగులు) తప్పనిసరిగా వాడాలి.

రైళ్లకు కరెంటు అందించే తీగను రైలు పైకప్పు మీద ఉండి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ రోజంతా రాసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడినీ నిప్పురవ్వలనూ తట్టుకోవాలి కనుక, భారతీయ రైల్వేలు అక్కడ 107 చదరపు మిల్లీమీటర్ల గట్టి రాగి తీగను వాడుతున్నాయి.

(దృశ్యం: ఏసీ రాగి గొట్టానికి బ్రేజింగ్)

రాగి అంతా ఒకే రకం కాదన్న సంగతి చాలామంది పట్టించుకోరు. తీగల రాగిలో స్వల్పంగా మిగిలే ఆక్సిజన్, గొట్టాలను అతికించే బ్రేజింగ్ మంటలోని హైడ్రోజన్‌తో కలిసి ఆవిరై, లోహాన్ని లోపలి నుంచి చీలుస్తుంది. అందుకే గొట్టాల రాగిలో ఆక్సిజన్‌ను తొలగించడానికి భాస్వరం కలుపుతారు. అది 0.04 శాతానికి చేరినా వాహకతలో ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి తగ్గిపోతుంది. గొట్టానికి మేలు చేసినది తీగకు చేటు అన్నమాట.

(దృశ్యం: కత్తితో గీకిన తీగ, దగ్గరగా)

ఇక బజారులో చవకగా దొరికే కొన్ని తీగలు పైకి రాగిలా కనిపించినా, లోపల అల్యూమినియమే ఉండి పైన పలుచని రాగి పూత ఉంటుంది. వాటి వాహకత శుద్ధ రాగిలో మూడింట రెండు వంతులకు మించదు. కొనేటప్పుడు ఒక పోగును కత్తితో లోతుగా గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి తీగ కాదు.